మనవాళ్ళ రేటు

ఫోనులో ఒక రేటు చూపించి, దాని మీద అడ్డంగా గీత కొట్టి, పక్కనే ఎర్రటి అంకెల్లో ఇంకో రేటు చూపిస్తారు. మీరు ఆ రెండోది చూసి మురిసిపోతారు. మొన్న మా మనవరాలు అట్లాగే ఒక చెప్పుల జత కొని, "తాతా, సగానికి సగం మిగిలింది" అని గంతులేసింది. ఏం మిగిలిందమ్మా, ఆ మొదటి రేటుకు ఆ చెప్పులు భూమ్మీద ఎవరైనా కొన్నారా అని అడిగితే, "నీకు ఏమీ తెలీదు తాతా, సుమ్ముండు" అని కసిరింది. నోరు మూసుకుని సుమ్మనే ఉన్నాను. ఆ అడ్డగీత గురించి నీతులు చెప్పే ముఖం నాకు లేదు. అరవదేశపు ధర్మపురిలో ఒక జవుళి కడలో, అంటే బట్టల కొట్టులో, ఎనభైలలో, ఆ గీతను నేను ఏళ్ళ తరబడి నోటితో కొట్టాను.

అమ్మకం పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు దీన్ని చదువుతారని ఆశ. ఇందులో ఒక కిటుకు ఉంది. అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. దాన్ని మీరు ముట్టుకోవద్దని చెప్పడానికే రాస్తున్నాను. చెబితే వింటారని కాదు, చెప్పలేదనే మాట నాకు ఉండకూడదని.

మా ఇళ్ళలో తెలుగు, గడప దాటితే అరవం. తాతల తాతల కాలం నుంచీ అంతే. మాలో తెలుగు అక్షరం వచ్చినవాళ్ళు తక్కువ. అమ్మమ్మది కుప్పం వైపు పల్లె కాబట్టి నేను అక్కడి బడిలో నాలుగు ముక్కలు నేర్చుకున్నాను. మిగతా నా బతుకంతా జమక్కాళం మీదే గడిచింది. ఆ రోజుల్లో బట్టల కడలో కుర్చీలు లేవు. నేల మీద జమక్కాళం పరిచి ఉండేది. వచ్చినవాళ్ళు చెప్పులు బయట విడిచి కూర్చునేవారు, మేము ఎదురుగా కూర్చుని చీరలు విప్పేవాళ్ళం. చీర మీద రేటు రాసి ఉండేది కాదు. మాకు మాత్రమే తెలిసే గుర్తు ఒకటి చీటీ మీద ఉండేది, అంతే.

నా పక్కన ఒక పెద్దాయన కూర్చునేవాడు, అరవాయన, నాకు గురువు. ఏ పని చెప్పినా తమలపాకు నమిలి మింగాక గానీ మాట్లాడేవాడు కాదు. మొదట కొనలేని చీర విప్పు, తర్వాత కొనగలిగే చీర విప్పు, అని ఆయన నేర్పాడు. మొదటిది చూసి బెదిరిన కన్నుకు రెండోది చవగ్గా కనిపిస్తుంది. ఇందులో పెద్ద పాపమేమీ లేదనే ఇప్పటికీ అనుకుంటాను. ఎవరూ ఎవరికీ అబద్ధం చెప్పలేదు కదా.

ఒకసారి మా యజమాని, మేము మొదలాళి అంటాం, బేరాల రొద భరించలేక ఒకే రేటు అని పలక కట్టించాడు. చీర నాలుగు వందలంటే నాలుగు వందలే. ఆ పలక ఒక్క నెల కూడా నిలవలేదు. వచ్చినవాళ్ళు "ఏమీ తగ్గించరా? ఇంత గీర్వాణమా?" అని లేచి ఎదురు కడకు వెళ్ళిపోయారు. అక్కడ అదే చీరకు అయిదు వందలు చెప్పి నలభై తగ్గిస్తే సంతోషంగా కొనుక్కున్నారు. మనిషికి చీర ఒక్కటే చాలదు, గెలిచానన్న మాట కూడా కావాలి. మొదలాళి పలక పీకించి పొయ్యిలో పెట్టించాడు.

నా తెలివి పుట్టింది అప్పుడే. ఒక ముసలమ్మ కోడలితో మెల్లగా, "ఇది బాగుండాదే, ఎంత చెప్తాడో ఏమో" అని గొణిగింది, ఎదుటివాడికి అర్థం కాదనే ధైర్యంతో. నేను తెలుగులో బదులు చెప్పాను. ఆమె ముఖం చూడాలి! తప్పిపోయిన చుట్టం దొరికినట్టు నా చెయ్యి పట్టుకుంది. ఊరేది, ఇంటిపేరేది, ఎవరి బిడ్డవు అని అడిగింది. బేరం ఆడడమే మరిచిపోయింది. ఆ రోజు నేను ఆలోచించిందేమిటో చెప్పడానికి ఈ వయసులోనూ తల దించుకోవాల్సి వస్తోంది. ఈమె ప్రేమ ఎంత గొప్పది అని కాదు, దీన్ని అమ్మకంలో ఎట్లా వాడాలి అని ఆలోచించాను.

వాడాను. తెలుగువాళ్ళు వచ్చి కూర్చున్నారంటే నేను చీర విప్పి, పక్కనున్న పెద్దాయనను అరవంలో గట్టిగా అడిగేవాణ్ణి, ఇది ఎంత అని. ఆయన తల తిప్పకుండా "అరునూరు" అనేవాడు. ఆరు వందలు. నేను ముఖం కాస్త చిన్నబుచ్చుకుని, అటూ ఇటూ చూసి, ముందుకు వంగి, గొంతు తగ్గించి తెలుగులో చెప్పేవాణ్ణి: "అమ్మా, మీరు మనవాళ్ళు. మొదలాళికి తెలీకుండా నాలుగువందలకు వేయిస్తాను. బయట యాడా చెప్పొద్దండి, నా పని పోతుంది."

ఎంత బేరమాడినా ఆ చీర చివరికి ఎవరికైనా నాలుగు వందలే. మొదలాళికి అంతా తెలుసు. గల్లాపెట్టె వెనక కూర్చుని ముసిముసిగా నవ్వుకునేవాడు. బయట చెప్పొద్దన్న మాటే ఇందులో అసలు మేకు. ఎవరికి వారు నన్ను కాపాడుతున్నామనుకుని నోరు కుట్టేసుకునేవారు, కాబట్టి ఒకరి రేటు ఇంకొకరికి తెలిసేది కాదు. దీపావళికి మొదలాళి నాకు పట్టంచు వేష్టి, అదే పంచె, పెట్టాడు. పెద్దాయన మాత్రం ఒకరోజు తమలపాకు మింగి, "నీ భాషను నువ్వు బాగా అమ్ముతున్నావు" అన్నాడు. మెచ్చుకున్నాడనుకుని పొంగిపోయాను.

ఒక ఆడిమాసంలో, అంటే ఆషాఢంలో, వెల్లిచందై నుంచి ఒకతను వచ్చాడు. నాకంటే చిన్నవాడు, కట్టడం పనిలో కూలి. గోళ్ళ సందుల్లో సున్నం పోలేదు, జమక్కాళం మాసిపోతుందని అంచు మీదే కూర్చున్నాడు. నేను అతణ్ణి తమ్ముడూ అని పిలిచాను, ఇక్కడా అట్లాగే పిలుస్తాను. అతని చెల్లెల్ని బి. మల్లాపురంలో ఇచ్చారు. నీళ్ళున్న భూములు, కొబ్బరిచెట్లు, మోటారు బావి ఉన్న ఇల్లు. చెల్లెలి బిడ్డకు చెవులు కుట్టే వేడుక పెట్టుకున్నారు.

మా వైపు ఆ వేడుకంటే మేనమామదే. బిడ్డను మామ ఒళ్ళో కూర్చోబెట్టుకుంటేనే చెవి కుట్టేది. మామ తట్టల్లో సీరు, అంటే పుట్టింటి కానుకలు, తీసుకుని మేళంతో రావాలి. బిడ్డకు కమ్మలు, గౌను, చెల్లెలికి చీర, పండ్లు, వక్కాకు. అవి పందిట్లో దింపాక ఒక పెద్దమనిషి నిలబడి, మామ ఏమేం తెచ్చాడో, ఏది ఎంతదో కేకపెట్టి చెబుతాడు. అందరూ వింటారు. అత్తగారింట్లో చెల్లెలు ఆ పైన ఎంత తలెత్తుకు తిరుగుతుందో ఆ కేకే తేలుస్తుంది.

"మా చెల్లి తోటికోడలికి అన్నలు లారీలు పెట్టుకొన్నోళ్ళన్నా," అన్నాడు తమ్ముడు. "వాళ్ళ సీరు ముందర మాది ఏం నిలుస్తాది? అయినా చీరొకటి బాగుండేది పెట్టాలని. నాలుగువందల దాకా దాచినాను. అంతకు మించి నా వల్ల కాదు."

దాచింది ఎంతో అతనే చెప్పేశాడు. నేను నాలుగు వందల పట్టుచీర తీశాను, వంకాయరంగు, సన్నంచు. పెద్దాయనను అడిగాను. "అరునూరు." తమ్ముడి ముఖం వాడిపోయింది. నేను ముందుకు వంగాను.

నా మాట వినగానే అతను నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు. "ఆరువందల చీర నా చెల్లికి! అన్నా, నువ్వు దేవుడివన్నా. ఎవరికీ చెప్పను, నా బిడ్డ మీద ఆన." వెళ్ళేవాడు వెళ్ళకుండా మళ్ళీ తిరిగొచ్చి వేడుకకు పిలిచాడు. "మా తరపున పెద్దవాళ్ళు ఎవరూ లేరన్నా. తెల్లచొక్కా వేసుకొన్న మనిషి ఒకడు నా పక్కన నడిస్తే నాకెంత గౌరవం!"

పోకుండా ఉండాల్సింది. కానీ పొగడ్త ఎవరికి చేదు? లీవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను.

బి. మల్లాపురంలో బస్సు దిగేసరికి తమ్ముడు మేళంతో కాచుకుని ఉన్నాడు. అతనితో నలుగురైదుగురు కూలిజనం, ఆడవాళ్ళ తలల మీద తట్టలు. చీర తట్ట పైన కనిపించేలా పెట్టి ఉంది, దాని చుట్టూ మల్లెలు. ధర్మపురి కడాయనని అందరికీ చెబుతూ నన్ను తన పక్కనే నడిపించుకున్నాడు. పందిట్లోకి వెళ్ళగానే అతని చెల్లెలు ఎదురొచ్చింది. చీర మీద చెయ్యి పెట్టి, అన్న ముఖంలోకి చూసి, "ఏలన్నా ఇంత?" అంది. ఆ గొంతులో ఉన్న సంతోషం నేను మరిచిపోలేదు. అప్పటికింకా నాకూ సంతోషంగానే ఉంది, చెప్పొద్దూ.

పెద్దమనిషి తట్టలు దింపించి కేకపెట్టడం మొదలుపెట్టాడు. కమ్మలయ్యాయి, గౌనయింది. చీర పైకెత్తి, "ఎంతదిరా అబ్బీ?" అని అడిగాడు.

"ఆరువందలదండి," అన్నాడు తమ్ముడు, ఛాతీ విరిచి.

"మేనమామ చీరా, ఆరువందల పట్టుచీరా!" అని పందిరంతా వినబడేలా కేక పడింది. మేళగాడు డోలు మీద ఒక దెబ్బ వేశాడు.

అప్పుడు తోటికోడలు ముందుకొచ్చింది. ఆమె చెడ్డది కాదు, ఆ మాట న్యాయంగా చెప్పాలి. చీర అంచు తిప్పి చూసి, పైకే, "ఇదే చీర నా కాడా ఉండాదే! ధర్మపురిలో ఆ పెద్దకడలోనే తెచ్చుకొన్నా. నాలుగువందలే కదా" అంది. ఆమె పక్కింటి అరవామెతో కలిసి వచ్చి, మొత్తం అరవంలోనే మాట్లాడి కొనుక్కుపోయి ఉంటుంది. మనామె అని ఎవరికి తెలుసు? అసలు రేటే చెప్పి ఉంటారు.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు పందిరంతా పాకింది. చెల్లెలి అత్తగారు బుగ్గన వేలేసుకుని, "ఏం నాయనా, నాలుగువందలది తెచ్చి ఆరువందలని కూయించుకొంటావా? లేనిదాన్ని లేదంటే మేమేమన్నా అనుకొంటామా?" అంది.

తమ్ముడు నా వైపు చూశాడు. నోటితో ఒక్క మాట అనలేదు. అనుండొచ్చు. "చీర ఆరువందలదే, ఈ అన్న మనవాళ్ళ రేటని నాలుగువందలకు ఇచ్చినాడు" అంటే అతని పరువు అక్కడికక్కడే నిలబడేది. అనలేదు. బయట చెప్పొద్దని నేను అడిగాను కదా, నా పని పోతుందన్నాను కదా. బిడ్డ మీద ఆన పెట్టాడు కదా. చెప్పనా అన్నా అని కళ్ళతోనే అడిగాడు.

నేను తల పక్కకు తిప్పుకున్నాను.

"ఆ కడాయన ఇక్కడే ఉండాడే, ఆయన్నే అడగండి" అన్నారు ఎవరో. అందరి కళ్ళూ నా మీదే. కడ పేరు పోతుందని భయపడ్డానా, నా కిటుకు బయటపడుతుందనా? ఇన్నేళ్ళు ఆలోచించినా సరిగ్గా చెప్పలేను. ఆ క్షణంలో నా చొక్కా తెలుపు కాపాడుకోవడమే నాకు ముఖ్యమైంది. నిలబడి, గొంతు సవరించుకుని, "చీర నాలుగువందలదేనండి. తమ్ముడు సరిగ్గా వినుండడు" అన్నాను.

సరిగ్గా విని ఉండడట! అబద్ధం నాది, దాన్ని తీసుకెళ్ళి అతని చెవి మీద పెట్టాను.

తమ్ముడు తల దించుకున్నాడు. చెల్లెలు లోపలికి వెళ్ళిపోయింది. కంసాలి ఆచారి సూదితో సిద్ధంగా ఉన్నాడు కాబట్టి వేడుక ఆగలేదు. తమ్ముడు పీట మీద కూర్చుని బిడ్డను ఒళ్ళోకి తీసుకున్నాడు. బిడ్డ ఏడ్చింది, కుట్టడం అయ్యింది, బిడ్డను తల్లి చేతికిచ్చి చెప్పులు వేసుకున్నాడు. "అన్నం తినిపోన్నా" అని చెల్లెలు వీధి దాకా వెంటపడింది. ఆగలేదు. చెల్లెలి ఇంట్లో విస్తరి ముందు కూర్చోకుండా వెళ్ళడమంటే చుట్టరికానికే దెబ్బ, మా వైపువాళ్ళకు చెప్పనక్కర్లేదు.

నేను తిన్నాను. ఇది రాయకుండా దాటెయ్యాలని చాలాసార్లు అనుకున్నాను. వాళ్ళు కూర్చోమన్నారు, కూర్చున్నాను. పాయసం రెండోసారి వడ్డిస్తే చెయ్యి అడ్డం పెట్టలేదు. మీ కడలో రేట్లు న్యాయంగా ఉంటాయని తోటికోడలి మొగుడు నన్ను మెచ్చుకుంటుంటే తలూపాను.

బస్సు కోసం వెళితే తమ్ముడు అక్కడే ఉన్నాడు. ఎటు పారిపోను? తప్పుకునే లోపే నన్ను చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"అన్నా, నీకు ఇబ్బంది తెచ్చినాను" అన్నాడు. "నీ పని పోకూడదని నేను నోరు మెదపలేదు. నువ్వూ పాపం అంతమంది ముందర ఏం చెప్తావు? మొదలాళికి తెలిస్తే ఊరుకొంటాడా? నువ్వు అట్ల చెప్పినందుకు నాకేమీ లేదన్నా."

నేను బస్సు వస్తోందేమోనని రోడ్డు వైపు చూశాను.

"ఒక్క మాట చెప్పన్నా. ఇప్పుడెవరూ లేరు. ఆ చీర ఆరువందలదే కదా?"

చెప్పాల్సిన సమయం అదే. అక్కడ పందిరి లేదు, పెద్దమనుషులు లేరు. ఎండలో మేమిద్దరమే. కానీ అతని ముఖం ఎట్లా ఉందంటే, కాదని అనడానికి నాకు మనసు రాలేదు. మనసు రాలేదనడం కూడా గొప్పకే. అసలు సంగతి, కాదంటే నన్ను ఎట్లా చూస్తాడోనని భయం.

"ఆరువందలదే తమ్ముడూ" అన్నాను, మెల్లగా, అదే గొంతుతో.

అతని ముఖం విప్పారింది. "నాకు తెలుసు! వాళ్ళకే కళ్ళు లేవు. నా చీరను తక్కువ చేసి నవ్వినారు కదా, వాళ్ళు వచ్చి తప్పయిందని చెప్పేదాకా ఆ గడప తొక్కను." ధర్మపురి దాకా నా టికెట్టు కూడా అతనే తీసుకున్నాడు.

చిన్న అబద్ధంతో ఒక మనిషిని ఓదార్చాననుకుని ఇంటికి వెళ్ళి పడుకున్నాను. ఆ ఓదార్పే పెద్ద గండమైంది. పందిట్లో నేనన్న మాటతో ఊరుకుని ఉంటే, నాలుగు రోజులు చిన్నబోయి, అయిదో రోజు చెల్లెల్ని చూడ్డానికి వెళ్ళేవాడు. ఇప్పుడు అతనికి తాను చెప్పిందే న్యాయం, వాళ్ళు చేసిందే అవమానం. దీపావళికి పోలేదు. పొంగలికి చెల్లెలికి పంపే సీరూ పంపలేదు. ఇవన్నీ నాకు అప్పుడు తెలియవు. నేను జమక్కాళం మీద కూర్చుని ముందుకు వంగుతూనే ఉన్నాను.

పొంగలి పోయిన మరునెల, మాసిమాసంలో ఒక పగటిపూట, కడ నిండా పెళ్ళి బేరాలు, అతని చెల్లెలు వచ్చింది. చంకలో బిడ్డ, ఒంటి మీద ఆ వంకాయరంగు చీరే. వెనక గడప దగ్గర తమ్ముడు, లోపలికి రాకుండా నిలబడి ఉన్నాడు. పుట్టింటికి వెళ్ళి, ఏడ్చి మొత్తుకుని, అన్న నోటి నుంచి సంగతంతా రాబట్టి, రెక్క పట్టి లాక్కొచ్చిందట.

ఆమె కూర్చోలేదు. "అన్నా, నాకు ఆరువందల చీరొద్దు," అంది. "నాలుగువందల చీరే నాకు మహా ఎక్కువ. మా అన్న ఎండలో ఇటికెలు మోసి తెచ్చిన చీర ఇది. రేటు ఎవరడిగినారు? నాకు మా అన్న ఇంటికి రావాల, అంతే. నువ్వు ఆరువందలన్నావని మావోళ్ళ మీద పంతం పట్టినాడు. వాళ్ళేమో మేమేం తప్పు చేసినామని బిగుసుకొన్నారు. నడాన నేను చస్తా ఉండాను. నిజం చెప్పు. ఇది ఎంతది?"

పెద్దాయన తమలపాకు నమలడం ఆపాడు. గల్లా దగ్గర మొదలాళి ఇటు చూస్తున్నాడు. నేను ముందుకు వంగి, మెల్లగా, "నాలుగువందలదేమ్మా" అన్నాను.

"విన్నావా అన్నా?" అందామె వెనక్కి తిరిగి.

తమ్ముడు గడప దగ్గరి నుంచే నవ్వాడు. నా మీద ఎంత నమ్మకమో ఆ నవ్వులో! "మొదలాళి చూస్తా ఉండాడు కదమ్మా, దానికే అట్ల చెప్తాడు. నీకు తెలీదు, సుమ్ముండు. నాకు బస్సు కాడ ఒంటిగా ఉన్నప్పుడు నిజం చెప్పినాడు."

ఇప్పుడు నా నిజం చెల్లదు. మొదలాళికి తెలీకుండా ఏది చెబితే అదే అతనికి నిజం, మిగతాదంతా నా పని కాపాడుకోవడానికి ఆడే ఆట. అట్లా అతనికి నేర్పింది నేనే కదా. అబద్ధాన్ని అంత ముద్దుగా అమ్మినవాడు నిజాన్ని ఏ గొంతుతో అమ్ముతాడు?

చెల్లెలికి ఆ తిరకాసు నాకంటే ముందే అర్థమైంది. బిడ్డను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుని, "అట్లయితే అరవంలో చెప్పు," అంది. "గట్టిగా చెప్పు. మొదలాళికీ, కొనేదానికి వచ్చిన ఇంతమందికీ వినిపించేట్టు. మనవాళ్ళ రేటని ఒకటి ఉండాదా, లేదా?"

నేను మొదలాళి వైపు చూశాను. ఆయన ముఖంలో ఏమీ లేదు. పెద్దాయన మాత్రం నా మోకాలి మీద చెయ్యి వేసి, "చెప్పెయ్యరా" అన్నాడు తన భాషలో.

లేచి నిలబడ్డాను. ఆ కడలో నేను నిలబడి మాట్లాడిన రోజు అదొక్కటే. అరవంలో, గొంతెత్తి చెప్పాను. ఆ చీర అందరికీ నాలుగు వందలే, ఎప్పుడూ ఆరు వందలు కాదు. మనవాళ్ళ రేటని ఏదీ లేదు. అది నేను కల్పించిన మాట, మొదలాళికి కూడా తెలుసు. వెల్లిచందై తమ్ముడు సరిగ్గానే విన్నాడు, నేనే అబద్ధం చెప్పాను, ఒకసారి కాదు, మూడుసార్లు.

విప్పిన చీరలు విప్పినట్టే ఉన్నాయి. నాకు ఎదురుగా కూర్చున్న ఒక తెలుగు కుటుంబం, అప్పుడే నా దగ్గర గుసగుస విన్నవాళ్ళు, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

నా పని ఆ పూటతో సరి అనుకున్నాను. మొదలాళి మామూలు మనిషా! గల్లా వెనక నుంచి లేచి చేతులు జోడించి, "చూశారా అమ్మా, మా కడ మనిషే చెప్పాడు. ఇక్కడ అందరికీ ఒకే రేటు, కులం లేదు, భాష లేదు!" అని అరవంలో దండోరా వేశాడు. ఒకావిడ భలే అని తలూపి, ఇంకో చీర కూడా కట్టమంది. నా సిగ్గును కూడా ఆయన గిరాకీగా మార్చుకున్నాడు. నన్ను పనిలోంచి తీసెయ్యలేదు. మరుసటి వారం ఆ గుసగుస ఎందుకు ఆపావని అడిగాడు, ఇక నోరు రాదన్నాను. ఆ ఏడాది నుంచి నాకు పట్టంచు వేష్టి లేదు.

ఆ సందడిలో నేను గడప వైపు చూశాను. తమ్ముడు లోపలికి వచ్చాడు, మొదటిసారి జమక్కాళం దాకా. నవ్వు పోయింది. కోపమూ లేదు. నన్ను కాసేపు చూశాడు, ఎవరో కొత్తమనిషిని గుర్తుపట్టడానికి చూసినట్టు. కొట్టినా పడదామనుకున్నాను.

చెల్లెలి చంకలోంచి బిడ్డను తీసుకున్నాడు. కమ్మ వంకరగా ఉంటే వేలితో సరిచేశాడు. "పదమ్మా," అన్నాడు చెల్లెలితో. "మీ ఇంటికే పోదాం. మీ అత్తను అన్నం వండమను."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని ముందు నడిచింది. అతను గడప దగ్గర ఆగి నా వైపు తిరిగాడు. చీర చూపించిన మొదటి పూట నుంచి ఆ క్షణం దాకా నన్ను అన్నా అని తప్ప పిలవనివాడు, తెలుగు తప్ప ఇంకో మాట నాతో మాట్లాడనివాడు, ఏ కడవాడితోనైనా అన్నట్టే, మర్యాదగా, సరే, వెళ్ళొస్తామని అరవంలో సెలవు తీసుకున్నాడు.

"సరింగ సార్. వరోం."